వరపు రోజుల లెక్క: దక్షిణ తెలంగాణలో వానాకాలం పంటల తీరును గమనించే పద్ధతి

ప్రశ్న: "సార్, మాది దేవరకొండ ప్రాంతంలోని ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘం. దేవరకొండ, చింతపల్లి, గుండ్లపల్లి మండలాల్లో వానలు, పంటల పరిస్థితి వారం వారం చూసి సభ్యులకు చెప్పే పని ఈ ఏడాది నాకు అప్పగించారు. జిల్లాలో సాధారణ వర్షపాతం అని పత్రికల్లో వస్తోంది. ఉపగ్రహ పటంలో మా మండలం పచ్చగానే కనిపిస్తోంది. చేలోకి వెళ్తే మాత్రం నలభై రోజుల పత్తి మధ్యాహ్నానికే తల వాలుస్తోంది. దేన్ని నమ్మాలి? ఏమేమి చూడాలి?"

జవాబు:

మూడూ నిజాలే. పత్రిక అబద్ధం రాయలేదు, ఉపగ్రహం తప్పు చూపలేదు, మీ పత్తికి నిజంగానే నీరు చాలడం లేదు. పత్రిక చెప్పేది జిల్లా మొత్తం మీద జూన్ నుంచి ఎంత వాన పడిందన్న సంగతి. పటం చెప్పేది పైనుంచి చూస్తే నేల ఎంత పచ్చగా ఉందన్న సంగతి. మీ సభ్యుడికి కావలసింది ఈ రెండూ కాదు. ఈ నేలలో, ఈ వయసు పంటకు, చివరి మంచి వాన పడి ఎన్ని రోజులైంది, ఇంకా ఎన్ని రోజులు ఆగగలదు? నా ఉద్యోగమంతా నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట మండలాల్లో వ్యవసాయ శాఖ పనిలోనే గడిచింది. ఈ ప్రాంతంలో పంటను గమనించడమంటే అన్నిటికంటే ముందు వరపు రోజులను, అంటే మంచి వాన లేకుండా గడిచే రోజులను, లెక్కపెట్టడమని నేను గట్టిగా నమ్ముతాను. మిగతా సమాచారమంతా ఆ లెక్కకు తోడు.

ముందు పత్రికలో వచ్చే అంకె సంగతి. వాతావరణ శాఖ లెక్కలో దీర్ఘకాల సగటు కంటే 19 శాతం తక్కువ నుంచి 19 శాతం ఎక్కువ వరకు ఎంత వాన పడినా సాధారణమే. 20 నుంచి 59 శాతం తగ్గితే లోటు, 60 దాటితే భారీ లోటు. అంటే దాదాపు ఐదో వంతు వాన తగ్గినా మీకు సాధారణం అనే కనిపిస్తుంది. పైగా అది జూన్ 1 నుంచి కూడుతూ వచ్చిన మొత్తం. జూన్ రెండో వారంలో పడిన గట్టి వాన జూలై ఆఖరుకు కూడా ఆ మొత్తంలో ఉంటుంది, నీటిని ఎక్కువగా పట్టి ఉంచని మీ ఎర్ర చెల్క నేలలో మాత్రం ఆ నీటి జాడ కూడా మిగలదు. దానికి తోడు జిల్లా సగటు. మిర్యాలగూడ వైపు నాలుగైదు మండలాల్లో ఒక రాత్రి వంద మిల్లీమీటర్లు కురిస్తే జిల్లా అంకె లేచి నిలబడుతుంది, ఆ రాత్రి చింతపల్లిలో చినుకు పడకపోయినా సరే.

2023ను గుర్తు చేసుకోండి. జూలై ఆఖరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు 1901 నుంచి ఉన్న రికార్డుల్లో దేశమంతటికీ అత్యంత పొడి ఆగస్టు, సగటు కంటే 36 శాతం తక్కువ. సీజన్ ముగిసేసరికి రాష్ట్రం లోటు జాబితాలో లేదు. కానీ ఆగస్టులో పూత మీదున్న మెట్ట పత్తికి ములుగులో జూలైలో కురిసిన వాన ఏ విధంగా ఉపయోగపడింది? 2009 ఇంకా విచిత్రం. ఆ సీజన్‌లో దేశంలో 22 శాతం లోటు, ఉమ్మడి రాష్ట్రంలో పెద్ద సంఖ్యలో మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. అక్టోబరు మొదటి రోజుల్లో కృష్ణ, తుంగభద్ర పొంగి ఆలంపూర్ నీట మునిగింది. ఏడాది మొత్తం చూసుకుంటే ఎండిన పంట, మునిగిన పంట రెండూ ఒకే సగటులో కలిసిపోయి కనబడకుండా పోతాయి.

ఇప్పుడు అసలు లెక్క. నలభై రోజుల పత్తి వేరు సుమారు అడుగు లోతున ఉంటుంది. అడుగు లోతు చెల్క మట్టి నిండా తడిసినా మొక్కకు ఇవ్వగలిగే నీరు దాదాపు 30 మిల్లీమీటర్లు. ఎండ కాసే రోజున ఆ వయసు చేను మూడు నాలుగు మిల్లీమీటర్లు ఖర్చు చేస్తుంది. భాగించి చూడండి: ఎనిమిది నుంచి పది రోజులు. ఇసుక పాలు ఎక్కువున్న దుబ్బ నేలయితే ఐదారు రోజులకే ఖాళీ. అదే నల్లరేగడిలో అడుగు మట్టి 50 మిల్లీమీటర్ల పైన పట్టి ఉంచుతుంది, వేరు ఇంకా కిందికి దిగి వెతుక్కుంటుంది కూడా. అక్కడ పక్షం రోజులు, ఒక్కోసారి మూడు వారాలు కూడా పంట ఆగుతుంది. ఒకే ఊళ్లో, ఒకే వానకు, ఇద్దరు రైతుల చేలు రెండు రకాలుగా కనిపించడానికి కారణం ఇదే. మీ మూడు మండలాల్లో ఎక్కువ భాగం చెల్కే కాబట్టి మీ ప్రాంతానికి పదో రోజు ప్రమాద ఘంటిక అనుకోండి.

ఈ లెక్కను నోటుపుస్తకంలో బ్యాంకు ఖాతాలా రాసుకోవచ్చు. చెల్క చేనుకు గరిష్ఠ నిల్వ 30. వాన పడితే కలపండి, కానీ 30 దాటినది రాయకండి, అది వాగులోకో వేరు అందని లోతుకో పోయింది. ప్రతి ఎండ రోజుకు 4 తీసేయండి, పూర్తిగా మబ్బు పట్టిన రోజుకు 2. ఉదాహరణకు జూలై 12న 48 మిల్లీమీటర్లు పడిందనుకోండి. ఖాతాలో 30 మాత్రమే చేరుతుంది. ఆపైన ఎండ కాస్తే 20వ తేదీకి నిల్వ సున్నా. వారపు నివేదికలో మాత్రం ఆ వారం అధిక వర్షపాతం అని ఉంటుంది! పంట పెరిగేకొద్దీ వేరు దిగుతుంది, నిల్వ పెరుగుతుంది, రోజువారీ ఖర్చు కూడా పెరుగుతుంది. పూత, కాయ దశలో పత్తి రోజుకు ఐదు మిల్లీమీటర్లకు తగ్గకుండా తాగుతుంది. ఇవి శాస్త్రవేత్తలు చేసే సూక్ష్మమైన లెక్కలు కావు, కానీ వారం ముందే హెచ్చరించడానికి సరిపోతాయి.

ఇంకొక సంగతి. వాతావరణ శాఖ 2.5 మిల్లీమీటర్లు పడితే దాన్ని వాన రోజుగా లెక్కిస్తుంది. ఎండిన చెల్క మీద అంత వాన పడితే పై పొర తడిసి మర్నాటికి ఆవిరవుతుంది. అందుకే నేను ఒక రోజులో పది మిల్లీమీటర్లకు తక్కువ పడితే వరపు తెగినట్టు రాయను. జల్లులు పడుతూనే ఉన్నాయి కదా అని అందరూ ధీమాగా ఉన్న రోజుల్లోనే అడుగు కింద నేల పొడిబారుతుంది. గునపంతో తవ్వి జానెడు లోతు మట్టి పిడికిట పట్టి చూడండి. ఉండ కడితే పదును ఉంది. రాలిపోతే లేదు.

ఈ లెక్క నిలబడాలంటే వాన అంకె మీ ఊరిదే అయి ఉండాలి. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థకు తెలంగాణలో వెయ్యికి పైగా స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు ఉన్నాయి, ప్రతి మండలంలో కనీసం ఒకటి ఉంటుంది, వాన వివరాలు ఎప్పటికప్పుడు వాళ్ల వెబ్‌సైటులో కనిపిస్తాయి. మంచి ఏర్పాటు, రోజూ చూడండి. అయితే జూన్‌లో, సెప్టెంబరులో సాయంత్రం ఉరుములతో పడే వానలు ఒక ఊరి మీద కురిసి పక్క ఊరిని వదిలేస్తాయి. మండల కేంద్రం అంకెతో పది పన్నెండు కిలోమీటర్ల అవతలి చేను సంగతి చెప్పలేం. దీనికి మన పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే పెద్ద పాఠం ఉంది. వాన అంకె ఆధారంగా పరిహారం చెల్లించే వాతావరణ బీమాను దేశంలో మొదటిసారి 2003లో అక్కడి వేరుశనగ, ఆముదం రైతులతోనే ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. ఆ రకం బీమాలన్నిటికీ పెద్ద చిక్కు ఇదే: వాన కొలిచే చోటు ఒకటి, పంట ఎండే చోటు ఇంకొకటి. కొలమానం చేనుకు ఎంత దగ్గరగా ఉంటే అంత న్యాయం.

అందుకని మీ సంఘం చేయవలసిన మొదటి ఖర్చు ప్రతి గ్రామంలో ఒక వానమాపకం. కొనలేకపోతే నిలువు గోడలున్న డబ్బా చాలు. అడుగు, మూతి ఒకే వెడల్పు ఉండాలి. అప్పుడు అందులో నిలిచిన నీటి ఎత్తును స్కేలుతో కొలిస్తే అదే మిల్లీమీటర్లలో వాన. పశువులు తన్నని చోట, నేలకు అడుగు ఎత్తున, కదలకుండా నిలపండి. పక్కనున్న చెట్టు లేదా గోడ ఎంత ఎత్తు ఉంటే దానికి కనీసం రెండింతల దూరంలో ఉండాలి. ఉదయం ఎనిమిదిన్నరకు కొలిచి, రాసి, పారబోయండి. దేశమంతా వాన లెక్క ఆ వేళకే జరుగుతుంది కాబట్టి మీ అంకెను మండలం అంకెతో పోల్చవచ్చు. ఈ పని బాధ్యతగా చేసే వాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. హైస్కూలు పిల్లలకు అప్పగించి చూడండి, చాలా శ్రద్ధగా చేస్తారు. ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరానికి నాలుగు వేల లీటర్ల పైన నీరని చెబితే వాళ్ల కళ్లు పెద్దవవుతాయి.

రిజిస్టరును తేదీలతో పాటు కార్తెల వారీగా కూడా రాయమని నా సలహా. మన రైతు కాలాన్ని కార్తెల్లోనే ఆలోచిస్తాడు, ఒక్కో కార్తె పదమూడు పద్నాలుగు రోజులు. చెల్క నేల ఓపిక కంటే అది కాస్త ఎక్కువ కాలం. కాబట్టి ఒక కార్తె మొత్తం మంచి వాన లేకుండా పోయిందంటే చెల్కలో పంట దెబ్బతిన్నట్టే. జూన్ 8 ప్రాంతంలో మృగశిర, 22కు ఆరుద్ర, జూలై 6కు పునర్వసు, 20కి పుష్యమి, ఆగస్టు 3కు ఆశ్లేష, 17కు మఖ, నెలాఖరుకు పుబ్బ. మఖా పుబ్బలు వరపైతే మహా ఎర్ర కరువు అని పెద్దలు ఊరికే అనలేదు. ఆగస్టు మూడో వారం నుంచి సెప్టెంబరు రెండో వారం దాకా ఉన్న ఆ నెల రోజుల్లోనే మన పత్తి పూత, కాయ మీద ఉంటుంది, ఆముదం గెలలు వేస్తుంది, ఆలస్యంగా వేసిన మొక్కజొన్న పీచు తీస్తుంది. జూలైలో పదిహేను రోజుల వరపు వస్తే పంట ఎదుగుదల ఆగుతుంది, వాన పడగానే కోలుకుంటుంది. మఖలో అదే పదిహేను రోజులు పూతను, పిందెను రాల్చేస్తాయి. అదే అంకెను పంట వయసుతో కలిపి చదవాలని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

ముందస్తు సూచనల విషయం. వాతావరణ శాఖ బులెటిన్లలోని మాటలకు కచ్చితమైన కొలతలు ఉన్నాయి. ఒకటి రెండు చోట్ల అంటే ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో పావు భాగం లోపు, కొన్ని చోట్ల అంటే సగం లోపు, చాలా చోట్ల అంటే మూడు వంతుల లోపు, దాదాపు అన్ని చోట్ల అంటే ఆపైన. అంటే అవి ఎన్ని చోట్ల పడుతుందో చెబుతాయి, ఎంత పడుతుందో కాదు. ఎంత అన్నది వేరే మాట: భారీ వాన అంటే 64.5 మిల్లీమీటర్ల నుంచి, అతిభారీ అంటే 115.6 నుంచి, 204.4 దాటితే అత్యంత భారీ. ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు అని చదివి మందు పిచికారీ మానుకున్న రైతులు ఎంతోమంది, చాలా చోట్ల మోస్తరు వానలు అన్నదాన్ని పట్టించుకోని వాళ్లు అంతకంటే ఎక్కువ. మీ పంటకు ఈ రెండోదే అసలు శుభవార్త.

మూడు రోజుల సూచనతో పిచికారీ, ఎరువు, కలుపు పనులు నిర్ణయించుకోవచ్చు. ఐదు రోజులకు కాస్త నమ్మకం తగ్గుతుంది. రెండు వారాల అంచనా గురువారం గురువారం వస్తుంది, దాన్ని ఊరి పేరుతో చదవకండి, దక్షిణ తెలంగాణ మొత్తానికి ధోరణి ఎటు ఉందో చూడడానికి వాడండి. మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ వాతావరణ సలహా మీకు చాలా అవసరం. దక్షిణ తెలంగాణ జిల్లాలన్నిటికీ ఆ పని నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం చేస్తుంది. మేఘదూత్ యాప్‌లో అదే సమాచారం తెలుగులో దొరుకుతుంది. మీ జిల్లాలో కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లతో పరిచయం పెంచుకోండి, మీ గ్రామాల వాన అంకెలు మీరే పంపితే వాళ్లకూ మేలు.

ఇక మీరు అడిగిన పచ్చటి పటం. ఉపగ్రహం మొక్క ఆకు నుంచి తిరిగొచ్చే ఎరుపు వెలుగును, కంటికి కనిపించని దగ్గరి పరారుణ కాంతిని కొలిచి పచ్చదనం సూచిక తయారు చేస్తుంది. ఈ సూచిక ఆధారంగా కరువును అంచనా వేసే పని మన హైదరాబాద్ దూర సంవేదన కేంద్రం 1989లోనే మొదలుపెట్టింది. ఇప్పుడు అది ఢిల్లీలోని మహలనోబిస్ జాతీయ పంటల అంచనా కేంద్రం చేతిలో ఉంది. గొప్ప సాధనం. కానీ దానికి పచ్చదనం తెలుసు, పత్తి తెలియదు. నల్లగొండ జిల్లాలో బత్తాయి తోటలు ఏడాది పొడవునా పచ్చగానే ఉంటాయి. సర్కారు తుమ్మ వరపుకు చలించదు. మొలక పలచబడిన పత్తి సాళ్ల మధ్య గరిక, తుంగ బలిసినా పటంలో చేను ఆరోగ్యంగా కనిపిస్తుంది. ఉపగ్రహం ఒక చుక్కగా చూసే ఒకే గడిలో తోట, తుమ్మ, పత్తి మూడూ పడితే వచ్చే అంకె ఏ ఒక్కదానిదీ కాదు.

రెండో చిక్కు ఆలస్యం. మొక్క తల వాల్చిన రోజున ఆకు ఇంకా పచ్చగానే ఉంటుంది, పటంలో మార్పు కనిపించేసరికి నష్టం జరిగిపోతుంది. పైగా వానాకాలమంతా మబ్బులు. సెంటినెల్-2 ఉపగ్రహాలు ఐదు రోజులకొకసారి పది మీటర్ల గడితో ఫొటో తీస్తాయి, జూలై, ఆగస్టుల్లో అందులో సగం మబ్బుల ఫొటోలే. మబ్బును తప్పించడానికి పక్షం రోజుల చిత్రాలను కలిపి ఒక పటం చేస్తారు, అందువల్ల మీరు ఈ రోజు చూసేది పది రోజుల కిందటి పంట కావచ్చు. రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1కు మబ్బు అడ్డం కాదు, కానీ దాన్ని చదవడానికి శిక్షణ కావాలి. మిర్యాలగూడ వైపు ఇంకో తమాషా జరుగుతుంది. నాట్లకు దమ్ము చేసి నీళ్లు నిలిపిన మడి పటంలో ఎండిన నేలకంటే హీనంగా కనిపిస్తుంది, అది చూసి ఆయకట్టులో పంట పోయిందని భయపడేవాళ్లు ఉన్నారు.

మరి దాన్ని దేనికి వాడాలి? ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోవడానికి. అదే గ్రామాన్ని అదే తేదీకి గత ఐదారేళ్ల చిత్రాలతో పోల్చండి. మిగతా ఊళ్లకంటే వెనకబడిన ఊరు కనిపిస్తే ఆ వారం మీ బండి అటు తిప్పండి. జూలై ఆఖరుకు విత్తకుండా మిగిలిపోయిన బీడు భూములు కూడా పటంలో స్పష్టంగా తెలుస్తాయి.

చేలోకి వెళ్లడానికి ప్రత్యామ్నాయం లేదు. అయితే వెళ్లడంలో పద్ధతి ఉండాలి. రోడ్డు పక్క చేలు చూసి తిరిగొస్తే లాభం లేదు, అవి తరచుగా బోరు ఉన్న వాళ్లవి. సీజన్ మొదట్లోనే ప్రతి ఊళ్లో కొన్ని చేలు ఎంచుకోండి: చెల్క, దుబ్బ, రేగడి, తొందరగా విత్తినవి, ఆలస్యంగా విత్తినవి. ప్రతి వారం అవే చేలు, అవే సాళ్లు, అదే చోట నిలబడి ఫొటో. మొక్క ఎత్తు, కొమ్మలు, గూడలు, పూలు, రాలినవి రాయండి. ఎప్పుడు చూశారో కూడా రాయండి, ఎందుకంటే మధ్యాహ్నం రెండు గంటలకు నీరున్న చేనులో కూడా పత్తి కాస్త వాలుతుంది. తెల్లవారి ఆరింటికి వెళ్లి చూడండి. అప్పటికి ఆకు నిటారుగా లేస్తే ఇంకా రెండు మూడు రోజుల ఓపిక ఉంది. తెల్లవారినా వాలే ఉంటే బెట్ట ముదిరింది.

మీ నలభై రోజుల పత్తికి ఇదే మొదటి పరీక్ష. తెల్లవారి లేస్తున్నట్టయితే వెంటనే సాళ్ల మధ్య గుంటక తోలించండి. కలుపు పోతుంది, పై మట్టి పొడిగా విడిపోయి కింది తేమ ఆవిరి కాకుండా కాపాడుతుంది. పొడి నేలలో యూరియా చల్లవద్దని ప్రతి సభ్యుడికీ చెప్పండి, మనిషి ఆందోళనలో ముందు చేసే పని అదే. కావాలంటే లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్) గానీ 20 గ్రాముల యూరియా గానీ కలిపి ఆకుల మీద పిచికారీ చేయవచ్చు. నీటికుంట ఉన్నవాళ్లు సాలు విడిచి సాలుకు ఒక్క తడి ఇచ్చినా పంట నిలుస్తుంది.

మీ వారపు సందేశానికి విలువ వచ్చేది విత్తే గడువు ముగిసే తేదీల దగ్గర. పత్తి విత్తడానికి తేలిక నేలల్లో 50 నుంచి 60, బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడాలని వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు, జూలై 20 దాటితే మెట్టలో పత్తి వద్దని కూడా. మొదటి చినుకుకే విత్తి, మొలక మాడి, అదే రైతు మళ్లీ విత్తనం కొనడం ప్రతి ఏడాదీ చూస్తూనే ఉన్నాం. ఎంత బాధ కలిగించే ఖర్చో! మీ డబ్బాలో నీటి లెక్క అక్కడ నేరుగా డబ్బు మిగులుస్తుంది. జూలై 20 తర్వాత కూడా ఖాళీగా ఉన్న భూమికి ఆముదం, కంది, ఆగస్టు రెండో పక్షానికి ఉలవ. ఆలస్యమైన కందిని దగ్గర సాళ్లలో వేయమనండి. జిల్లాల వారీగా ఇలాంటి ప్రత్యామ్నాయ ప్రణాళికలు హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రిడా తయారు చేసి పెట్టింది. వాన కోసం ఎదురుచూస్తూ ఉన్నప్పుడే ఆ విత్తనం సంఘం గోదాములో ఉండాలి.

కాలువ కింద పొలాలున్న సభ్యుల కథ వేరు. వాళ్ల నీరు ఇక్కడ పడదు, పడమటి కనుమల్లో పడుతుంది. కృష్ణ మీద ఎగువన ఆల్మట్టి నిండి, నారాయణపూర్ నిండి, జూరాల దాటి, శ్రీశైలం 885 అడుగులకు చేరి, అప్పుడు 590 అడుగుల సాగర్ వంతు. జూలైలో ఆల్మట్టికి వచ్చే ప్రవాహం రోజూ చూస్తే నారు ఎప్పుడు పోయాలో కొంత ముందుగా చెప్పగలరు.

వాన ఎక్కువైనప్పుడు కూడా ఇదే శ్రద్ధ కావాలి. చెల్కలో వరుస వానలు నత్రజనిని కిందికి కడిగేస్తాయి, ఆకు లేతబారుతుంది. రేగడిలో నీరు నిలిచి పత్తి ఒక్కసారిగా వడలుతుంది, కంది ఎండుతుంది. గెల దశలో ఆముదం మీద రెండు మూడు రోజులు ముసురు పడితే బూజు తెగులు గెలనంతా తినేస్తుంది. గద్వాల వైపు విత్తన పత్తిలో సాయంత్రం పువ్వు ఒలిచి మర్నాడు ఉదయం పుప్పొడి రుద్దుతారు, ఆ ఉదయం వాన పడితే ముందు రోజు కూలి మొత్తం వృథా. గులాబీ రంగు పురుగుకు లింగాకర్షక బుట్టలు నలభై అయిదో రోజుకే పెట్టించండి. బుట్టకు రాత్రికి ఎనిమిది రెక్కల పురుగులు వరుసగా మూడు రాత్రులు పడితే మందు కొట్టే సమయం వచ్చినట్టే.

పిడుగుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పత్తి చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లు, గొర్రెలు కాసేవాళ్లు మన జిల్లాల్లో పిడుగుకు బలవుతున్నారు. దామిని యాప్ మీ ఫోనులో పెట్టుకోండి, హెచ్చరిక వస్తే ఊరి గుంపులో వెంటనే పెట్టండి, చేలో ఉన్నవాళ్లకు ఫోను చేయించండి. చెట్టు కిందికి వెళ్లవద్దని ప్రతిసారీ చెప్పండి. మీరు చేసే మొత్తం పనిలో దీనికంటే ముఖ్యమైంది లేదు.

మీ రిజిస్టరుకు ఇంకొక ఉపయోగం ఉంది. కేంద్రం 2016లో తెచ్చిన కరువు మాన్యువల్ ప్రకారం వరుసగా మూడు నాలుగు వారాలు, ప్రతి వారం సాధారణంలో సగానికి తక్కువ వాన పడితేనే దాన్ని వరపుగా గుర్తిస్తారు. చెల్కలో పంట అప్పటికే పోతుందని పై లెక్కే చెబుతోంది కదా. ఆ తర్వాత వాన, సాగు విస్తీర్ణం, పచ్చదనం, నేల తేమ, భూగర్భ జలం సూచికలు చూసి, పదో వంతు గ్రామాల్లో పొలాలకు వెళ్లి నిర్ధారిస్తారు. ఆ బృందం వచ్చిన రోజున మీ ఊరి తరఫున రోజువారీ వాన అంకెలు, ఒకే చోటి నుంచి వారం వారం తీసిన ఫొటోలు, విత్తిన తేదీలు బల్ల మీద పెట్టగలిగితే మాటకు బలం వస్తుంది. నకలు ఒకటి మీ వ్యవసాయ విస్తరణ అధికారికి నెల నెలా ఇస్తూ ఉండండి. ఐదు వేల ఎకరాలకు ఒక అధికారి ఉన్నచోట మీ పుస్తకం ఆయనకు పెద్ద సాయం.

సీజన్ సెప్టెంబరు 30తో ముగిసిందని రిజిస్టరు మూయవద్దు. అక్టోబరులో బంగాళాఖాతం వాయుగుండాలు పగిలిన పత్తి మీదికి వస్తాయి. తేమ 8 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ధర తగ్గుతుంది, 12 దాటితే తీసుకోరు. వాన సూచన రెండు రోజుల ముందు అందితే పగిలిన పత్తి ఏరి ఇంట్లో ఆరబెట్టుకోవచ్చు. కూలీలు దొరకడానికి కూడా ఆ రెండు రోజులు కావాలి, కాబట్టి మీ సందేశం ఆ నెలలో వారానికి ఒకటి కాకుండా వాయుగుండం వార్త వచ్చిన సాయంత్రమే వెళ్లేట్టు చూడండి.